లాస్ట్ చివరి ఎపిసోడ్... వాళ్ళు ముందే చచ్చిపోలేదు మహాప్రభో!

"లాస్ట్" సీరియల్ పేరెత్తితే చాలు, "అదా... చివరికి అందరూ మొదట్లోనే చచ్చిపోయారని తేలుతుందటగా" అనేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. మా టీములో ముగ్గురున్నారు. అందులో ఇద్దరు ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు! (ఇంకా చూద్దామనుకుంటున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోండి, కథంతా చెప్పేయబోతున్నాను.)

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో... 2004 సెప్టెంబరులో సిడ్నీ నుంచి లాస్ ఏంజిలిస్ వెళ్ళే ఓషియానిక్ 815 విమానం ఓ దీవి మీద కూలుతుంది. బతికినవాళ్ళకి అక్కడ ధ్రువపు ఎలుగుబంటి, నల్ల పొగ రాక్షసి, భూమి లోపల ఓ పాతకాలపు కంప్యూటరు కనిపిస్తాయి. ఆ కంప్యూటర్లో 108 నిమిషాలకోసారి 4, 8, 15, 16, 23, 42 అని కొట్టి బటన్ నొక్కాలి. ఎందుకో నొక్కేవాడికే సరిగ్గా తెలీదు. ఒకరోజు ఆలస్యం కావడం వల్లే ఆ విమానం కూలిందని రెండో సీజన్ చివర బయటపడుతుంది. నైట్ షిఫ్టులో ప్రొడక్షన్ సపోర్టు చేసినవాళ్ళెవరికీ ఇది సైన్స్ ఫిక్షన్‌లా అనిపించదు. అన్నట్టు ఆ ఆరు అంకెలూ కూడితే 108. మనకి అష్టోత్తరమూ గుర్తొస్తుంది, అంబులెన్సూ గుర్తొస్తుంది.

ఆరు సీజన్లు నడిచి 2010 మే 23న అయిపోయింది. నేను చూసింది మాత్రం 2021లో, కొండాపూర్ ఫ్లాట్లో, రూమ్మేట్‌తో కలిసి. చివరి ఎపిసోడ్ అయ్యేసరికి తెల్లవారుజామున మూడయింది. వాడు లాప్‌టాప్ మూసేసి "ఛీ, అంతా చచ్చినవాళ్ళ కథేనా, దీనికోసమా ఇన్నాళ్ళు నిద్ర పాడుచేసుకుంది" అన్నాడు.

నేనూరుకుంటానా! ఆరో సీజన్లో పక్కపక్కనే నడిచే రెండో కథ, అంటే విమానం క్షేమంగా దిగిపోయిన కథ, అదొక్కటే చనిపోయాక జరిగేది. దీవి మీద జరిగినదంతా నిజమని చర్చిలో జాక్‌కి వాళ్ళ నాన్న విడమరిచి మరీ చెప్తాడు. కొందరు నీకన్నా ముందు పోయారు, కొందరు నీ తర్వాత చాలా ఏళ్ళకి పోయారు అంటాడు. చివర్లో జాక్ వెదురు పొదల్లో పడి ప్రాణం వదులుతుంటే పైన ఆకాశంలో కేట్, సాయర్ వాళ్ళ విమానం వెళ్ళిపోతుంటుంది. మొదటిరోజే అందరూ పోతే ఆ విమానంలో ఉన్నదెవరు? ఇలా లాగ్ ఫైలు చదివినట్టు ఒక్కో పాయింటూ చెప్పి వాదన గెలిచాను. వాడు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాత తెలిసిందేంటంటే ఈ అపార్థానికి ఓ కారణం ఉంది. అమెరికాలో చివరి ఎపిసోడ్ వేసినప్పుడు పేర్లు పడుతుంటే, మనుషుల్లేని బీచి, కూలిన విమానం ముక్కలు చూపించారు. అది కథలో భాగం కాదు. ఎపిసోడ్ అవగానే దభాలున వార్తల్లోకి వెళ్ళకుండా కాస్త విరామంగా ఉంటుందని ఛానెల్‌వాళ్ళు కలిపారంతే. ఆరేళ్ళుగా ప్రతి ఫ్రేములోనూ క్లూ వెతకడం అలవాటైన ప్రేక్షకులు దాన్నీ క్లూ అనుకున్నారు! ఛానెల్ తర్వాత వివరణ ఇచ్చుకుంది. 2014లో కార్ల్టన్ క్యూజ్ కూడా అదే చెప్పాడు. ఎవరు వింటారు?

కానీ నిజం చెప్పాలంటే, ఇంతమంది యూజర్లు ఒకే తప్పు చేస్తుంటే తప్పు యూజర్లది కాదు. ఐదో సీజన్ చివర బాంబు పేలుతుంది. ఆరో సీజన్ మొదట్లోనే సముద్రం అడుగున మునిగిపోయిన దీవిని చూపిస్తారు. బాంబు వల్ల చరిత్ర మారిపోయిందని మనల్ని నమ్మించడానికే కదా ఇది? సీజనంతా అలా నమ్మించి, చివరి పది నిమిషాల్లో కాదు పొమ్మన్నారు. వాల్ట్ అనే పిల్లాడికి ఏవో శక్తులున్నాయని మొదటి సీజన్లో ఊరించి, ఆ కుర్రాడు గబగబా పొడుగైపోయేసరికి పక్కన పెట్టేశారు. తర్వాత డీవీడీలో 12 నిమిషాల ముక్క ఒకటి పెట్టి వాడికో దారి చూపించారు. రిలీజయ్యాక వచ్చే ప్యాచ్ అన్నమాట. మా వాడి కోపం అసలు దీని మీద. నేను వాడి ప్రశ్న వదిలేసి వేరే ప్రశ్నకి జవాబు చెప్పాను.

నాకు మాత్రం ఆ చర్చి సీను నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. అక్కడికొచ్చింది చుట్టాలూ కాదు, ఆఫీసువాళ్ళూ కాదు... జీవితంలో ముఖ్యమైన రోజులు ఎవరితో గడిచాయో వాళ్ళు. మేం చూసిన నెలకే వాడు ఎమ్మెస్‌కని డాలస్ వెళ్ళిపోయాడు. మిగతా ఇద్దరూ పెళ్ళిళ్ళయి వెళ్ళారు. ఫ్లాట్ ఖాళీ చేసినప్పుడు గ్యాస్ స్టవ్ ఎవరికివ్వాలో కూడా తెలీలేదు.

మొన్న వాడు ఫోన్ చేశాడు. వాళ్ళావిడతో కలిసి మళ్ళీ మొదట్నుంచీ చూశాడట. "చర్చి సీనుకి తను ఏడ్చేసిందిరా, నేను మాత్రం ఏడవలేదు" అన్నాడు. నేనడగనేలేదు. ఓ నిమిషం ఆగి, "అది సరే గానీ, ఆ వాల్ట్ గాడి ముక్కేదో ఉందన్నావు కదా, పంపు" అన్నాడు.