చెంబు అరిగిన లెక్క

చిలకలూరిపేటలోని మా ఇంట్లో శివరాత్రికి రెండు రోజుల ముందే రాగి సామాను పెరట్లోకి వచ్చేది. వీధిలో కోటప్పకొండ ప్రభల సందడి, పెరట్లో నాయనమ్మ చింతపండుతో చెంబులు తోమే చప్పుడు. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఒకసారి ఆమె పక్కన చేరి నా పాండిత్యం ప్రదర్శించాను.

"గాలిలోని ఆక్సిజన్ వచ్చి రాగి మీద కూర్చుంటుంది నాయనమ్మా. దాన్ని తోమేస్తే కింద రాగి ఎప్పటిలాగే ఉంటుంది."

ఆమె చెంబు తిరగేసి అడుగు చూపించింది. "పోయేది మకిలే అయితే ఇదింత పల్చనెందుకయిందిరా? మకిలతో పాటు రాగీ పోతుంది."

నేను నవ్వాను. రాపిడికి అరిగిందన్నాను. అదీ కొంత నిజమే.

అధిశోషణ గురించి నా మనసులో ఉన్న బొమ్మ వామనగుంటల పీట వంటిది. లోహపు ఉపరితలం పీట, వచ్చి చేరే పరమాణువులు చింతగింజలు. గింజ ఏ గుంటలో పడినా పీటకేమీ కాదు. పీట కూడా మారుతుందని చాలా ఏళ్ళ తర్వాత గాని చదవలేదు.

రాగి స్ఫటికాన్ని ఎంత నునుపు చేసినా పరమాణువంత ఎత్తున్న మెట్లు మిగిలే ఉంటాయి. మెట్టు అంచున ఉన్న పరమాణువుకు ఇరుగుపొరుగు తక్కువ, పట్టూ తక్కువే. గది ఉష్ణోగ్రత వద్దనే అది అంచు విడిచి చదును మీద తిరుగాడుతుంది. ఇంతలో ఆక్సిజన్ అణువు వచ్చి, రెండు పరమాణువులుగా విడిపోయి, ఈ దేశదిమ్మరి రాగిని పట్టుకుంటుంది. రాగి, ఆక్సిజన్, రాగి, ఆక్సిజన్... దండ గుచ్చినట్టు పాత చదును మీద కొత్త వరుసలు లేస్తాయి. మెట్టు ఆ మేరకు వెనక్కి తగ్గుతుంది. 1990లో జర్మనీలో గెర్హార్డ్ ఎర్టల్ బృందమూ, డెన్మార్క్‌లో బేసెన్‌బాకర్ బృందమూ రాగి (110) ముఖం మీద ఈ వ్యవహారాన్ని స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శినితో చూశారు. బినిగ్, రోరర్‌లు 1981లో నిర్మించిన ఆ పరికరం లేకపోతే నా వామనగుంటల పీట ఇంకా చెలామణీలో ఉండేదేమో!

నికెల్ తీరు మరీ వింత. దాని (100) ముఖం మీద కార్బన్ సగం పొర చేరేసరికి, ఒక కార్బన్ చుట్టూ ఉన్న నాలుగు నికెల్ పరమాణువులు సవ్యంగానూ, పక్కదాని చుట్టూ ఉన్నవి అపసవ్యంగానూ కాస్త మలుపు తిరుగుతాయి.

ప్రయోగశాలలోది శూన్యంలో ఉంచిన ఒకే స్ఫటికం, ఒకే పొర ముచ్చట. మా చెంబు లెక్కలేనన్ని స్ఫటికాల ముద్ద. దాని మీద ఆక్సైడ్ పొర మందంగా పేరుకుంటుంది, తడి తగిలితే చిలుమూ పడుతుంది. అయినా మొదటి అడుగు ఒకటే: వచ్చినది ఊరికే కూర్చోదు, రాగిని చోటు నుంచి లేపి తనలో కలుపుకుంటుంది. చింతపండు పులుపు ఆ పొరను కరిగించినప్పుడు అందులోని రాగి కూడా నీళ్ళ వెంట పోతుంది.

ఇది చదివేనాటికి నాయనమ్మ లేదు.

చెంబు ఇప్పుడు నా దగ్గరే ఉంది. అడుగున ఒక మాటు. తోమితే పోతుందన్న భయంతో తోమడం మానేశాను, నల్లబడింది. పోయిన శివరాత్రికి వచ్చిన మా మేనత్త దాన్ని చూసి, "మా అమ్మ చెంబును ఇట్లాగా ఉంచేది?" అంటూ చింతపండు అడిగింది.

ఇచ్చాను.