కారు సైలెన్సర్‌కు 6,050 రూపాయలు ఎందుకు పెట్టినం

మన తండాల్లో, గూడేల్లో కిరాయి బండి మీద బతికే ఇండ్లు చాలానే ఉన్నయి. ముఖ్యంగా వాళ్ల ఇండ్ల పిల్లల కోసం ఈ పోస్టు. కొంచెం పొడుగైంది, తీరిక దొరికినప్పుడు చదవండి.

మేము అంటే ఇద్దరం. అన్నదమ్ముల పిల్లలం, నకిరేకల్‌లో ఒకే హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నం. మా రెండిండ్లు కలిసి మూడేండ్ల కింద ఒక ఏడు సీట్ల పెట్రోల్ కారు సెకండ్ హ్యాండ్‌ల కొన్నయి. 2018 మోడల్, బీఎస్-4 బండి, పసుపు ప్లేటు. మా అన్న నడుపుతడు. పొద్దున తండా పిల్లలను బడికి దింపుతడు. నిమ్మకాయల సీజన్‌ల మార్కెట్‌కు పోయేటోళ్లను ఎక్కించుకుంటడు. రాత్రిపూట ఎవరికన్నా నొప్పులొస్తే నల్గొండ పెద్దాసుపత్రికి తీసుకపోతడు. పెట్రోల్, ఫైనాన్స్ కిస్తీ పోను మిగిలిన దాంట్ల నుంచే మా పరీక్ష ఫీజులు. అందుకే ఆ బండికి ఏమైనా అయితే హాస్టల్‌కు ఫోన్ వస్తది.

దసరా అయినంక బండి సౌండ్ మారింది. ముందు గురక లెక్క ఉండె, పది దినాలల్ల ట్రాక్టర్ లెక్క అయింది. అన్న రేకు ముక్క చుట్టి బైండింగ్ వైరు కట్టిండు, వారం ఆగింది. తర్వాత ఎక్కినోళ్లు తల నొస్తుంది అనుడు మొదలుపెట్టిన్రు. వెనక సీట్ల కూసున్న ఒక చిన్న పిల్లగాడు రెండుసార్లు వాంతి చేసుకున్నడు. బస్సు పడనోళ్లు ఉంటరు కదా అని అందరం అనుకున్నం గాని, ఆ పిల్లగాడు ముందు సీట్ల కూసుంటే ఏం కాలేదు.

రెండిండ్ల పెద్దోళ్లు మా ఇద్దరికీ చెప్పిన పని ఒక్కటే: "చదువుకున్నోళ్లు గదా, నాలుగు షాపులు తిరిగి రేటు కనుక్కొని రాండ్రి." తిరిగినం. హైవే పొంటి ఉన్న షాపులు, ఊర్లో వెల్డింగ్ షాపులు, సూర్యాపేటల రెండు, ఒకరోజు వనస్థలిపురం ఆటోనగర్ దాకా కూడ పోయినం.

ముందు ఆ డబ్బా ఎందుకు పాడైతదో తెలుసుకోవాలె. మాకు చెప్పింది నకిరేకల్‌ల ఒక ముసలి వెల్డర్, అందరూ చాచా అంటరు. జాకీ మీద లేపి, సుత్తితోని కొట్టి చూపించిండు. పైన కొట్టిన కాడ టంగుమంటుంది, కింద కొట్టిన కాడ సుత్తి లోపలికే పోయింది. "బయట తుప్పు కాదు తమ్మీ, లోపల నుంచి తిన్నది" అన్నడు. పెట్రోల్ కాలితే పొగ ఒక్కటే కాదు, నీళ్లు కూడ పుడతయి. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీళ్లకు సరిపడే ఆవిరి సైలెన్సర్ గుండా పోతది. దూరం పోయే బండిల డబ్బా బాగా కాగి ఆ ఆవిరి బయటికి వెళ్లిపోతది. మా బండి తొమ్మిది కిలోమీటర్లు పోతది, ఆగుతది, మళ్లా వస్తది. డబ్బా పూర్తిగా కాగకముందే బండి బందు అయితది. నీళ్లు అడుగున నిలుస్తయి, పొగలో ఉన్న ఆమ్లాలు అందులో కలుస్తయి, రేకును తింటయి. తండా బండ్ల సైలెన్సర్లు లారీల కన్నా ముందే ఎందుకు పోతయో అప్పుడు తెలిసింది. ఎక్కువ తిరిగినందుకు కాదు, తక్కువ తక్కువ తిరిగినందుకు.

ఇగ రేట్లు. ఇవి మాకు చెప్పినవి, మీ ఊర్లో వేరే ఉండొచ్చు. ప్యాచ్ వెల్డింగ్ 400. లోకల్ డబ్బా 1,900, కంపెనీది 4,650. డబ్బా ఏది వేసినా మధ్యల ప్యాకింగులు 240, వేలాడే రబ్బర్లు నాలుగు 240, బోల్టులు 120, ఫ్లాంజ్ దగ్గర వెల్డింగ్ 300, కూలి 500 తప్పవు. అంటే లోకల్‌ది వేస్తే 3,300, కంపెనీది వేస్తే 6,050. ఆటోనగర్‌ల పాత బండ్ల నుంచి తీసిన డబ్బాలు కూడ చూసినం. పైకి బాగనే ఉన్నయి గాని, చాచా చెప్పింది విన్నంక పైన చూసి కొనబుద్ధి కాలేదు.

హాస్టల్‌ల కూసొని నెలల లెక్క వేసినం. లోకల్ డబ్బా రేకు పల్చన, మా అసోంటి తిరుగుడుకు ఏడాదిన్నర వస్తే గొప్ప అని అమ్మేటాయినే ఒప్పుకున్నడు. నెలకు 183 రూపాయలు. కంపెనీది ఇంతకుముందుది ఏడేండ్లు వచ్చింది, ఆరేండ్లే అనుకున్నా నెలకు 84. ప్యాచ్ నాలుగు నెలలకు ఒకసారి అనుకుంటే నెలకు 100, అది కూడ తక్కువే కనపడుతుంది. కాని ప్యాచ్ పట్టాలంటే చుట్టు గట్టి రేకు ఉండాలె. మాదాంట్ల లేదు. చాచాకు 400 వచ్చే పని, ఆయనే వద్దన్నడు.

ఇక్కడిదాకా మామూలు ముచ్చట. అసలు పంచాయితీ వేరే షాపుల మొదలైంది.

అక్కడ మెకానిక్ బండి కిందికి పోయి వచ్చి, "డబ్బా సంగతి తర్వాత, మీ జాలి బ్లాక్ అయింది" అన్నడు. జాలి అంటే క్యాటలిటిక్ కన్వర్టర్. ఇంజన్‌కు సైలెన్సర్ డబ్బాకు మధ్యల ఉంటది. లోపల తేనెతుట్టె లెక్క సన్న సన్న రంధ్రాలు. కొత్తది కంపెనీది వేస్తే 24,000 అయితదని చెప్పిండు. మా మొఖాలు చూసి మెల్లగ రెండో మాట చెప్పిండు. "అది పీకేసి స్ట్రెయిట్ పైపు వేస్తా. పైపుకు, పనికి 900. పాత జాలి నేనే తీసుకొని మీకు 3,500 ఇస్తా. పికప్ పెరుగుతది. మీటర్ల లైటు రాకుండ సెన్సార్‌కు చిన్న ముక్క పెడతా."

అంటే మేము పైసలు కట్టేది పోయి, మా చేతికే 2,600 వస్తది. ఒకదిక్కు 6,050 పోవుడు, ఇంకోదిక్కు 2,600 వచ్చుడు. నడుమ తేడా 8,650 రూపాయలు. ఇట్ల చెప్తే ఎవరికైనా ఆశ పుడుతది, పుట్టకపోతేనే వింత.

పాత ఇనుముకు 3,500 ఎందుకు ఇస్తడు? ఇనుము కోసం కాదు. ఆ తేనెతుట్టె మీద పల్చగ ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటది. 2021ల రోడియం రేటు ఆకాశానికి పోయినప్పుడు అమెరికాలో పార్కింగ్ పెట్టిన కార్ల కింద దూరి వీటిని కోసుకపోయే దొంగలు మస్తు పెరిగిన్రు. ఈ లోహాలు ఎక్కువగ దక్షిణాఫ్రికా గనుల నుంచి వస్తయి. అక్కడ మారికానాల 2012 ఆగస్టు 16న జీతాలు పెంచుమని సమ్మె చేస్తున్న ప్లాటినం గని కార్మికుల మీద పోలీసులు కాల్చితే 34 మంది చనిపోయిన్రు. మన కారు కింద ఉన్న డబ్బాల ఇంత కథ ఉంది. మనకు 3,500 ఇచ్చేటోడు ఎంతకు అమ్ముతడో అడిగితే నవ్విండు.

మా కెమిస్ట్రీ పుస్తకంల దీని గురించి రెండు లైన్లే ఉన్నయి. ప్లాటినం, పల్లాడియం కలిసి కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తయి, కాలని పెట్రోల్‌ను కాలుస్తయి. రోడియం నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టి మామూలు నైట్రోజన్ చేస్తది. పరీక్షకు రాసి మర్చిపోయిన లైన్లు. బండి కింద పండుకొని చూసినప్పుడు వాటి అర్థం వేరే తీరుగ తెలిసింది.

ఇంటికి పోయి చెప్పినం. కాకా వెంటనే అన్నడు: "పైసలు వస్తుంటే వద్దంటరా? పొగ పోయేది బయటికే గదా. మన తండా పొగతోని హైదరాబాద్ ఖరాబు అయితదా?" ఆ మాట తీసేసేది కాదు. పగలూ రాత్రీ నేషనల్ హైవే 65 మీద పోయే బండ్ల పొగ ముందు మా బండిది ఎంత? గాలి శుభ్రం చేసే బాధ్యత కిస్తీ కట్టలేని ఇంటి మీదనే ఎందుకు పడాలె? పెద్దబాపు కూడ కాకా దిక్కే ఉన్నడు. చట్టం సంగతి చెప్పినం: 2019ల సవరించిన మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ ప్రకారం పొగ, శబ్దం ప్రమాణాలు తప్పితే మొదటిసారే 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్స్ మూడు నెలలు పోవచ్చు. "పట్టుకున్ననాడు చూద్దాం" అన్నడు కాకా.

అప్పుడు మేము గాలి సంగతి పక్కకు పెట్టి వెనక సీటు సంగతి చెప్పినం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మనకు ముక్కుకు తగిలేది వేరే పొగ, ఇది దాని వెనక దాక్కొని వస్తది. రక్తంల హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగ పట్టుకుంటది. మొదట తలనొప్పి, తర్వాత కండ్లు తిరుగుడు, వాంతులు. కడుపుల బిడ్డకు తల్లి కన్నా ఎక్కువ ప్రమాదం. మా బండి డబ్బా ఉండేది వెనక సీట్ల కిందనే. వ్యాను లాంటి బండి పోతుంటే వెనక భాగాన గాలి లోపలికి గుంజుతది, డోర్ రబ్బర్ అరిగితే పొగను కూడ గుంజుకొస్తది. చలికాలం అద్దాలు ఎక్కిస్తరు. ఇప్పుడు డబ్బాకు ఓటు పడ్డది, కాని ఆ పొగ అంతకు ముందే జాలిల నుంచి వచ్చింది కాబట్టి, బండి కాగినంక దాంట్ల విషం చాలావరకు తగ్గిపోయి ఉంటది. చల్లగ ఉన్నప్పుడు జాలి పని చెయ్యదు, ఆ పిల్లగాని బడి ట్రిప్పు పొద్దున మొట్టమొదటిది. అదే జాలి తీసేస్తే? పైపుల ఎక్కడ చిన్న సందు పడ్డా, ఇంజన్‌ల పుట్టిన విషం పుట్టినట్టే సీట్ల కిందికి వస్తది. పీకేది ఎక్కడో పట్నం గాలి కోసం పెట్టినదాన్ని ఒక్కటే కాదు, నొప్పులతోని వెనక పండుకున్న ఆడిమనిషికీ ఆ పొగకూ నడుమ ఉన్నదాన్ని.

కనపడని విషం అంటే ఏందో నల్గొండోళ్లకు ఒకరు చెప్పాలెనా? నీళ్లు తేటగనే ఉండె, తాగినోళ్ల ఎముకలు వంగె. నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి మన జిల్లా పేరే పెట్టిన్రు, నల్గొండ టెక్నిక్ అని. పేరు రావాల్సిన కారణమా అది!

కాకా ఏం అనలేదు. మాట్లాడింది మా నానమ్మ, మేమంతా యాడి అంటం. ఆమెకు కన్వర్టరూ తెల్వదు, సెక్షనూ తెల్వదు. "ముందు సీట్ల మొగోళ్లు కూసుంటరు, వెనక కూసుండేది మేము, పోరగాండ్లు. మీకు తల నొయ్యదు, మాకు నొస్తది" అన్నది. పెద్దబాపు చాలాసేపు బీడీ తాగుకుంట కూసున్నడు. తర్వాత "రెండిండ్లు చెరి సగం" అన్నడు. చెరి 3,025. కాకా ఇల్లు తన వాటా నెల తర్వాత ఇచ్చింది, అది వాళ్ల కష్టం, తప్పు పట్టేది లేదు.

కంపెనీ డబ్బా చాచా దగ్గరనే వేయించినం. జాలి నిజంగ బ్లాక్ అయిందా అన్నది మిగిలింది. చాచా రబ్బర్ సుత్తితో మెల్లగ కొట్టి విన్నడు. లోపల విరిగి ఉంటే గలగల అంటదట, అనలేదు. మొత్తం మూసుకపోతే బండి ఎక్కుడు ఎక్కదు, స్పీడు అందదు. మా బండి ముగ్గురిని ఎక్కువే ఎక్కించుకొని కూడ పోతుండె. అయినా నమ్మకం కోసం పొల్యూషన్ టెస్టు చేయించినం. ఇది డబ్బా మార్చినంకనే చేయించాలె, ఓటు ఉంటే బయటి గాలి కలిసి లెక్క తప్పు వస్తది. బీఎస్-4 పెట్రోల్ కార్లకు బండి ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటొద్దు. మాది 0.12 వచ్చింది. అంటే 24,000 పెట్టాల్సిన అవసరమూ లేదు, 3,500కు అమ్ముకునే అంత పాడైందీ కాదు. రెండు మాటలూ ఒకే నోటి నుంచి వచ్చినయి అని మాత్రం గుర్తు పెట్టుకున్నం.

మీకు ఎవరైనా "జాలి పోయింది" అని చెప్తే ముందు ఆ టెస్టు కాగితం అడగండి. డబ్బా కొనేటప్పుడు చేతితో లేపి చూడండి, లోకల్‌దానికీ కంపెనీదానికీ బరువుల తేడా అక్కడనే తెలుస్తది. పాత రబ్బర్లనే మళ్లా వేస్తా అంటే ఒప్పుకోవద్దు, అవి తెగితే కొత్త డబ్బా గుంతల తగులుతది. వారంల ఒక్కసారైనా బండిని ఆపకుండ ముప్పై నలభై కిలోమీటర్లు పోనివ్వండి. మా అన్న ఇప్పుడు నల్గొండ కిరాయి వస్తే వదులుతలేడు, అడిగితే సైలెన్సర్ ఆరాలె అంటడు.

పాత డబ్బాను ఇనుప సామాన్ల బండాయినకు వేసినం. తూకం మీద 140 ఇచ్చిండు, ఆ పైసలు యాడి తీసుకున్నది. ఇంకా వెనక డోర్ రబ్బర్ మార్చాలె, 700 అడుగుతున్నరు. చలి ముదరకముందు చెయ్యాలె అని అన్నకు చెప్పి హాస్టల్‌కు వచ్చినం. ఎక్కడన్నా తక్కువకు మంచిది దొరుకుతదా, తెలిసినోళ్లు ఉంటే కింద రాయండి.