సంతకం ఎవరిది?

ఏలూరు



మొన్న మా ఊళ్లో ఒక తివాచీల వ్యాపారి ఇంటికెళ్లాను. పెద్దాయన నమూనా ముక్కను వెనక్కి తిప్పి బొటనవేలి గోటితో ముళ్లు లెక్కపెడుతున్నారు. రంగులున్న వైపు చూడనే లేదు. కొడుకేమో జర్మనీ కొనుగోలుదారుకి ఫోనులో ఫొటోలు పంపుతున్నాడు.

ఆర్డరు మంచిదే. ఉన్నికి, నేతవాళ్ల అడ్వాన్సులకి డబ్బు కావాలి. ఎగుమతిదార్లకి ప్యాకింగ్ క్రెడిట్ అని బ్యాంకు ఇస్తుంది గానీ, ఇల్లు తాకట్టు అడిగింది. ఇల్లు తాతగారిది, పంపకాలు కాలేదు. హైదరాబాదులో ఉన్న చిన్నాయన సంతకానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా ఆర్డరు భదోహీ తివాచీల వాళ్లకి పోయింది.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఈ గొడవ ఉండదు. ఇంటి పెద్ద ఫోను చేస్తే సరుకు దిగుతుంది. కొల్లేటి చేప కలకత్తా లారీ ఎక్కడానికీ అంతే. సముద్రం దాటాలంటే మాత్రం మాట చాలదు, కాగితం కావాలి. ఎగుమతికి కావలసిన ఐఈసీ నంబరు ఇప్పుడు పాన్ నంబరే. వ్యాపారం నాన్నగారి సొంత పేరున ఉంటే ఆ నంబరూ ఆయనదే.

ఏలూరు తివాచీలు ఇంగ్లీషు దొరల కాలంలోనే లండన్ వెళ్లాయి. నేసినవాడు మాత్రం వెళ్లలేదు, షావుకారుకి అమ్మి ఊరుకున్నాడు. కైకలూరు వైపు రొయ్యల రైతూ అంతే, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో) చూసి చెరువు గట్టు మీదే అమ్మేస్తాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు మాత్రం ఆ సెగ గట్టు దాకా వచ్చింది.

కుర్రాడికి పగ్గాలిచ్చేస్తే సరి అనుకున్నాను నేను. పెద్దాయన నవ్వారు. “మేనేజరుని పెట్టుకుంటే, నష్టం వస్తే అతని ఉద్యోగం పోతుందండీ. నాకు ఇల్లు పోతుంది.” కాదనలేకపోయాను. ఆర్డర్లు లేని ఏళ్లలో మగ్గాలు అమ్మకుండా నిలబెట్టిందీ ఆ భయస్తుడే మరి.

చివరికి ఇద్దరూ కలిసి భాగస్వామ్య సంస్థ పెట్టారు. దానికి వేరే పాన్. కొంత మొత్తం దాకా కొడుకు సంతకం చెల్లుతుంది. చెక్కుబుక్కు మాత్రం ఇప్పటికీ బీరువాలోనే. తాళాలు అమ్మగారి కొంగున.

మీ ఇంట్లో ఎవరి దగ్గరుంటాయో రాయండి.

మీ
ఏలూరు మిత్రుడు