ఎవరెవరొచ్చి చూసి వెళ్లారు?

మీకు ఆర్కుట్ గుర్తుందా? 2004లో మొదలై 2014 సెప్టెంబరు 30న మూతపడింది. కాలేజీ రోజుల్లో నెట్ సెంటర్‌కి పరుగెత్తి అది తెరవగానే నా కళ్లు ముందు వెతికేది, ఈమధ్య మన ప్రొఫైల్ చూసి వెళ్లినవాళ్ల పేర్ల పట్టీనే. అనుకున్న పేరు అక్కడ కనబడిందా, ఇక ఆ పూట కాళ్లు నేలమీద ఆనేవి కావు! అయితే దానికో షరతుండేది. మనం వచ్చిపోయిన సంగతి దాచుకుంటే, మనల్ని చూసినవాళ్లూ మనకు కనబడరు. ఆ లెక్క నాకు ఇప్పటికీ న్యాయంగానే తోస్తుంది.

చదువయ్యాక ఒక పెళ్లిసంబంధాల సైట్‌కి అలాంటి పట్టీయే తయారుచేసే పని నా చేతికొచ్చింది. చిన్న పనే. డేటాబేస్‌లో ఒక టేబుల్, అందులో మూడు గడులు: ఎవరి ప్రొఫైల్, చూసిందెవరు, ఎప్పుడు. ఎవరి ప్రొఫైల్ వాళ్లు చూసుకుంటే రాయక్కర్లేదు. పేజీ తెరిచినప్పుడల్లా ఒక వరుస చేరేలా రాసేశాను. వారం తిరిగేసరికి ఫిర్యాదులు: పట్టీలో పదికి పది చోట్లా ఒకటే పేరు!

ఎందుకా అని టేబుల్ తెరిచాను. ఒక సభ్యుడి నంబరు, ఎదురుగా ఒకే అమ్మాయి ప్రొఫైల్ నంబరు. అలాంటి వరుసలు 41. టైమ్ చూస్తే అన్నీ రాత్రి పదకొండు దాటాకే. చూస్తున్నది పెళ్లికొడుకో, కొడుకు కోసం నిద్రమానుకున్న తల్లో! ఎవరైతేనేం, ఒకరి మనసులో మాట పిలవకుండా వెళ్లి విన్నట్టయింది నాకు. గబగబా మూసేశాను. వెనకటికి పెళ్లిళ్ల పేరయ్య ఊరంతా ఆరా తీసినా, “ఫలానావాళ్లు మీ అమ్మాయి గురించి నలభైసార్లు అడిగారండీ” అని చెప్పేవాడా? ఎంత చెప్పాలో, ఎక్కడ ఆగాలో ఆయనకు తెలుసు. టేబుల్‌కి తెలియదు, మనమే చెప్పాలి.

చెప్పడం కష్టమేమీ కాదు. చూసినవాళ్లు, చూడబడ్డవాళ్లు, ఈ రెండు నంబర్ల జంటకూ ఒకే వరుస ఉండాలని యూనిక్ కీ పెట్టాను. మైఎస్‌క్యూఎల్‌లో ఆ జంట ముందే ఉంటే కొత్త వరుస వేయకుండా, ఉన్నదాంట్లో టైమ్ మాత్రం మార్చమనొచ్చు. ప్రొఫైల్ నంబరు, టైమ్ కలిపి ఇండెక్స్ కడితే తాజా పదిమందీ ఇట్టే వచ్చేస్తారు.

అసలు పేచీ పాతవి చెరిపేయడం దగ్గర వచ్చింది. ముప్పై రోజులు దాటినవి తీసేద్దామంటే “ఉండనీవయ్యా, ఎప్పటికైనా పనికొస్తాయి” అన్నారు మేనేజరు గారు. ఆ వరుస చూడబడ్డ అమ్మాయిది ఎంతో, చూసినవాళ్లదీ అంతే కదండీ! మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం కూడా, ఏ పనికోసం తీసుకున్నారో అది తీరాక చెరిపేయమనే అంటోంది. ఆ రోజుల్లో ఆ చట్టం లేదు, నా మొండిపట్టే ఉంది. చివరికి ఒప్పుకున్నారు. “మీరు చూసినట్టు అవతలివారికి తెలుస్తుంది” అన్న ముక్క కూడా పేజీలో పెట్టించాను.

అన్నట్టు, ఫేస్‌బుక్‌లో మీ ప్రొఫైల్ ఎవరు చూశారో చెబుతామనే యాప్‌లను నమ్మకండి. ఫేస్‌బుక్ ఆ పట్టీ ఎవరికీ ఇవ్వదు. చాలాసార్లు మీ పాస్‌వర్డ్ కోసమే ఆ ఎర.

ఆ 41 వరుసలంటారా? యూనిక్ కీ పెట్టిన రోజు ఒక్కటిగా కలిసిపోయాయి. ఆ ఒక్కటీ మరుసటి నెల, తెల్లవారుజామున రెండింటికి నడిచే చెరిపివేతలో పోయింది.