పంకా చప్పుడు

హైదరాబాదు వాడుకలోని పంకా యను మాట సంస్కృతమందలి పక్షశబ్దమునుండి వచ్చినది. పక్షమనగా ఱెక్క. తర్కశాస్త్రమున నీ పదమునకే మఱియొక యర్థము కలదు. పొగను జూచి కొండమీద నిప్పు గలదని యూహించునపుడు, నిప్పు కలదో లేదో యని సంశయింపబడు నా కొండ పక్షము. ఈ రెండర్థములును మా యింట నొక్కచోట గలిసినవి. ఆ వృత్తాంతమువలన గృహస్థులకు గొంత ప్రయోజనము కలుగునని తలచి వ్రాయుచున్నాను.

మేము కాపురముండు గుడిమల్కాపూరు పూలబజారు గల పేట. తెల్లవారకమునుపే బంతిపూల మూటలతో బండ్లు వచ్చుచుండును. బేరముల కేకలు చెలరేగుచుండును. ఇట్టిచోట నుండువారు చప్పుళ్లను లక్ష్యపెట్టకుండుట కలవాటుపడుదురు. గడచిన వేసవిలో మా నడిమిగది పంకా టక్కు టక్కుమనుట మొదలుపెట్టెను. పగలెల్ల దానిక్రింద మంచముమీద నుండునది మా తల్లిగారు. "ఒరే, ఇది నిన్నటి చప్పుడు కాదురా, ఏదో వదులైనట్టుంది" అని ఆమె యనిరి. అప్పుడు చూడవచ్చిన చుట్టములలో నొకరు, ముసలితనమున చెవికి లేనిపోని ధ్వనులు వినబడుట సహజమనిరి. మఱియొకరు గది వాస్తు నాక్షేపించి, గుమ్మమునకు నిమ్మకాయను మిరపకాయలను గట్టుమనిరి. మూడవవారు, పంకా యన్న తరువాత చప్పుడు చేయక మానునా, నాలుగు దినములలో నదియే యలవాటగునని తీర్పు చెప్పిరి. ఈ ముగ్గురిలో నొక్కరును తలయెత్తి పైకి జూడలేదు.

తలయెత్తి చూచినది పదవతరగతి చదువుచున్న మా అమ్మాయి. కారణమున్నపుడు కార్యముండుట యన్వయము, అది లేనపుడిది లేకుండుట వ్యతిరేకము అని మన తార్కికులు చెప్పుదురు. 1843వ సంవత్సరమున జాన్ స్టూవర్ట్ మిల్ తన తర్కగ్రంథమున వివరించిన పరిశోధనపద్ధతులలో మొదటి రెండును వీనికి దగ్గఱచుట్టములే. మే మీ మాటలనే పైకప్పున బరీక్షించితిమి.

మీట నాపినను ఱెక్కలు కొంతసేపు తిరుగుచునే యుండును. ఆ కొద్దిసేపే పరీక్షాకాలము. విద్యుత్తుతోపాటు ధ్వనియు దక్షణమే యాగినయెడల దోషము విద్యున్మార్గమునకు సంబంధించినది. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనునకు 50 మాఱు లావర్తించును. అందుచే మోటారులోని యినుము 100 మాఱులు కంపించి గుయ్యిమనును. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుతో వేగము తగ్గించినపుడు ఈ మూలుగు హెచ్చుట కలదు. అట్లుగాక ఱెక్కలు తిరుగుచున్నంతసేపు ధ్వని వెన్నంటియుండెనేని దోషము అంగములయందున్నది. మా పంకా చప్పుడు మీట నాపినతరువాత గూడ వినబడుచుండెను. బేరింగు చెడినయెడల ఎడతెగని గరగర పుట్టును. మాది చుట్టున కొక్కసారి టక్కుమనుచు, గొట్టము నూపుచుండెను. పంకా నాపి, ఱెక్కలపై దుమ్ము తుడిచి, స్క్రూలు బిగించి, కప్పునుండి మూడు ఱెక్కల కొనలకుగల దూరమును గొలిచితిమి. మూడును సమానమే. చప్పుడు మాత్రము పోలేదు. కాబట్టి ఱెక్కలు నిర్దోషములు; దోషము వానికి బైన గలదు. ఆ పూటయే మా తల్లిగారి మంచమును ప్రక్కగదికి మార్చి, విద్యుత్పనివానిని బిలిపించితిమి.

అతడు గోడమీది మీట నాపుటతో దృప్తి చెందక మెయిన్ స్విచ్చును గూడ నాపెను. పాత యిండ్లలో దీగెలు తలక్రిందుగా గలిపియుండినచో, మీట యాపినను పంకాలో 230 వోల్టుల విద్యుత్తు నిలిచియుండునట. పిమ్మట నిచ్చెనయెక్కి, కొక్కెమును గప్పియున్న గిన్నెను దింపి మా అమ్మాయికి జూపెను. నాలుగైదు కిలోల పంకాను మోయు బోల్టునకు నట్టు చివరి మరవఱకు జాఱి వచ్చియున్నది. ఆ బోల్టు జాఱకుండ దాని కొనరంధ్రమున దూర్చి విరిచిపెట్టవలసిన స్ప్లిట్ పిన్ను లేనేలేదు. అది చిటికెనవ్రేలంతయు లేని యినుపపుల్ల; దాని వెల కొలదిరూపాయలు. ఎవరెప్పుడు బిగించుచు మఱచిరో యెఱుంగము. కోఠీలోని ట్రూప్ బజారునుండి పిన్నును, క్రొత్త రబ్బరు బిళ్లను దెచ్చి బిగించినంతనే చప్పుడును, ఊగుటయు నిలిచిపోయినవి.

ఇందు మనము విచారింపవలసినది పిన్నునుగూర్చి మాత్రమే కాదు. విద్యుత్తు రాకమునుపు దొరల బంగళాలలోను, కచ్చేరీలలోను గుడ్డపంకాలను మనుష్యులు త్రాటితో లాగుచుండిరి. లోపలివారు నిద్రించుటకు వసారాలో నొకడు మేలుకొనియుండవలెను. పంకా యాగినపుడు వానిపై గోపపడినవారేగాని, వాడు నిద్రలేక యెన్ని రాత్రులైనదని యడిగినవారరుదు. యంత్రము వచ్చి యా దుఃఖమును దీర్చినది. కాని బాధపడువానిని అడుగకుండుట యను నలవాటు మన యిండ్లనుండి పోలేదు. ముసలివారు చెప్పినది చాదస్తము. కోడలు చెప్పినది సణుగుడు. పిల్లలు చెప్పినది మారాము. పేళ్లు మూడైనను, సాక్షి నోరు మూయించుటయే మూడింటి పనియు. ప్రమాణములలో మొదటిది ప్రత్యక్షమని శాస్త్రము. పంకాక్రింద బరుండినవారికంటె దానికి బ్రత్యక్షసాక్షి యెవరు?

కావున చదువరులకు నా మనవి యిది. వేసవికి ముందు ప్రతియింటను, మెయిన్ స్విచ్చు నాపి, పని తెలిసినవానిచేత పంకా కొక్కెమును, బోల్టులను, పిన్నులను జూపింపుడు. అతనికి గూలి నిచ్చునపుడే యతని విద్యను గూడ నడిగి తెలిసికొనుడు. మెయిన్ స్విచ్చు ఎక్కడున్నదో కొడుకులతోపాటు కూతుండ్రకును నేర్పుడు. ఇంటిలో నెవరైనను "ఇది నిన్నటి చప్పుడు కాదు" అన్నపుడు, వారి వయస్సు నెంచక ముందు తలయెత్తి చూడుడు.