మోకాళ్ల పర్వతం దగ్గర ఫిజిక్స్

ఇంటర్‌లో చదివిన వాలుతలం లెక్క గుర్తుందా? వాలు మీద బరువు రెండుగా చీలుతుంది. ఒక పాలు నేలను నొక్కుతుంది, రెండోది కిందికి లాగుతుంది. ఈ రెండోదే ‘ఎంజీ సైన్ థీటా’. దాన్ని ఒంటితో తెలుసుకోవాలంటే తిరుమల కొండెక్కాలి.

తిరుపతి నుంచి కొండపైకి ఎత్తు సుమారు 700 మీటర్లు. పైకెళ్లే రెండో ఘాట్ రోడ్డు ఆ ఎత్తును దాదాపు 16 కిలోమీటర్ల పొడవునా పరిచింది. అందుకే పది టన్నుల బస్సును వెనక్కి లాగేది సగటున అర టన్ను లోపే. అలిపిరి నడకదారి 3,550 మెట్లతో అదే ఎత్తును సుమారు 9 కిలోమీటర్లలో ఎక్కిస్తుంది. దారి కురచైతే లాగుడు పెరుగుతుంది. ఎత్తుకు పెట్టాల్సిన శ్రమ మాత్రం ఏ దారిలోనూ తగ్గదు.

మొన్న అమ్మతో నడిచాను. మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు నిటారుగా లేస్తాయి. ‘‘ఇంగ నావల్ల కాదు నాయనా’’ అని కూలబడింది. ఇరవై మెట్లకోసారి కూర్చోబెడుతూ పైకి తీసుకెళ్లాను.

దర్శనమయ్యాక మెట్లు దిగుతానంది. వద్దన్నాను. దిగేటప్పుడు ప్రతి అడుగులోనూ ఒంటి బరువును ఆపాల్సింది మోకాలే. 1944లో మొదలైన పాత ఘాట్ రోడ్డులో బస్సెక్కి దిగాం. మలుపుల్లో డ్రైవర్ సెకండ్ గేరు వదల్లేదు. బ్రేకు ఒక్కటే తొక్కుతూ పోతే వేడెక్కి పట్టు తప్పుతుంది, కొంత ఇంజినే ఆపాలి. అమ్మ మోకాళ్లకు ఆ గేరు లేదు కదా!