ఆపినవాళ్ల లెక్క

సంక్రాంతికి మా అక్క కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. టెక్సాస్‌లో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేసుకుంటున్నాడు. వస్తూ వస్తూ చాక్లెట్లతోబాటు ఒక పిచ్చి కూడా పట్టుకొచ్చాడు. దాని పేరు కాలేజీ ఫుట్‌బాల్.

అంటే మనమెరిగిన కాలిబంతి కాదండోయ్! కోడిగుడ్డులాంటి బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరుగెత్తడం, అవతలి జట్టు వాళ్లు మీద పడి వాణ్ణి కూలదొయ్యడం. స్థూలంగా నాకర్థమైంది ఇంతే.

భోగి నాటి మధ్యాహ్నం మామా అల్లుళ్లిద్దరూ కాగితం, పెన్ను పుచ్చుకుని అరుగు మీద చేరారు. ఈ ఆటలో ఇన్నేళ్లలోకీ గొప్ప లైన్‌బ్యాకర్లెవరో తేల్చాలిట. మా తమ్ముడికి ఆ ఆట ఓనమాలు తెలీవు. అయితేనేం? తెలీని విషయం మీద వాదించడం మా కోనసీమవాళ్లకి కొత్తా?

“ఇంతకీ లైన్‌బ్యాకరంటే ఎవర్రా?” అన్నాను, గుమ్మంలో కూలబడుతూ.

“ముందు వరసవాళ్ల వెనకాల నిలబడేవాడు పిన్నీ. దూసుకొచ్చేవాణ్ణి ఆపాలి, గాల్లో విసిరిన బంతికి అడ్డం పడాలి. ఎటునుంచి ఏం ముంచుకొస్తుందో ముందే పసిగట్టాలి.”

“మన కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టేవాడిలాగన్నమాట,” అన్నాడు తమ్ముడు.

జాబితా మొదలైంది. మొదటి పేరు డిక్ బట్కస్. 1960ల్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి ఆడినవాడు. 1985 నుంచి ఏటా ఉత్తమ లైన్‌బ్యాకర్‌కిచ్చే బహుమతికి ఇతని పేరే పెట్టారు. ఆ బహుమతిని మొదటి రెండేళ్లూ వరసగా ఎగరేసుకుపోయిన ఓక్లహోమా ఆటగాడు బ్రయన్ బాస్‌వర్త్ రెండోవాడు. మావాడుండే టెక్సాస్‌లోనే బేలర్ విశ్వవిద్యాలయంలో ఆడిన మైక్ సింగిల్‌టరీ మూడోవాడు. నార్త్ కరోలినా లారెన్స్ టేలర్ పేరు రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. చదువయ్యాక వృత్తి ఆటలో అతను సాధించినదాన్ని ఈ లెక్కలో కలపొచ్చా అని ధర్మసందేహం!

“ఇంత గింజుకోవడం దేనికిరా? ఎవరు ఎన్నిసార్లు ఆపారో లెక్కుంటుంది కదా,” అన్నాను.

“అక్కడే ఉంది పిన్నీ చిక్కంతా. ఆపిన లెక్కలు దేశమంతటికీ అధికారికంగా రాయడం మొదలెట్టిందే 2000లో. బంతి పుచ్చుకుని ఎంతదూరం పరుగెత్తాడన్నదానికి మాత్రం ఎప్పట్నుంచో లెక్కలున్నాయి. ఏడాది మొత్తానికి గొప్ప ఆటగాడని 1935 నుంచి హైస్మన్ ట్రోఫీ ఇస్తున్నారా, లైన్‌బ్యాకర్‌గా పేరు తెచ్చుకున్నవాడికి ఒక్కడికీ అది దక్కలేదు. 2012లో నోటర్‌డేమ్ కుర్రాడు మాంటై టేయో రెండో స్థానం దాకా వచ్చాడు. అంతే, అక్కడితో సరి.”

నాకు నవ్వొచ్చింది. ఏడు సముద్రాలు దాటినా లోకం తీరు ఇంతేనన్నమాట! మన తెలుగు టైటాన్స్‌నే తీసుకోండి. 2014లో ఆ పోటీలు మొదలైనప్పుడు కూతకెళ్లే రాహుల్ చౌదరి పేరు వీధిలో ప్రతి పిల్లాడి నోటా ఉండేది. ఇవతల కోర్టు కాచినవాళ్ల పేర్లు ఎంతమందికి గుర్తు? మా అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్‌లో గంటకి 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టాడని 2023లో గిన్నిస్ పుస్తకానికెక్కితే మేమంతా పొంగిపోయాం. మరి అలాంటి దెబ్బల్ని తిరగ్గొట్టేవాళ్లకి ఏ పుస్తకముంది చెప్పండి?

ఆటలదాకా ఎందుకు? 1986 ఆగస్టు వరదల్లో గోదావరి గట్లకి ఎక్కడెక్కడ గండ్లు పడ్డాయో మావాళ్లు ఇప్పటికీ వేళ్ల మీద చెబుతారు. రాత్రంతా ఇసకబస్తాలు మోసి నిలబెట్టిన గట్టు మాట ఎవరూ ఎత్తరు. తెగలేదు గనక దానికి కథ లేదు.

ఈలోగా అరుగు మీద వాదన పట్టు మీదికి మళ్లింది. “వచ్చేవాడి కాళ్లమీదే కన్నుండాలల్లుడూ,” అని మా తమ్ముడు ఉద్ఘాటించాడు.

“కాళ్లు చూస్తే మోసపోతారు,” అని వంటింట్లోంచి వినిపించింది. అక్క జంతికలు వత్తుతోంది. “కాళ్లూ అబద్ధమాడతాయి, భుజాలూ అబద్ధమాడతాయి. నడుం ఆడదు. నడుం ఎటు తిరిగితే మనిషి అటే వస్తాడు.”

మావాడు పెన్ను కింద పెట్టేశాడు. “అమ్మా! అక్కడ కోచ్‌లు చెప్పేదీ అచ్చం ఇదే. నీకెలా తెలుసు?”

అక్క జవాబు చెప్పలేదు. మూకుట్లో జంతికలు తిరగేసింది. నేను చెప్పాల్సొచ్చింది. పాతికేళ్లొచ్చిన కొడుక్కి తల్లి కబడ్డీ ఆడేదని తెలీదు మరి!

అక్క వాళ్ల కాలేజీ జట్టులో ఎడమ చివర కాసేది. కూతకొచ్చిన పిల్ల ఒక్క జానెడు ఎక్కువ కాలు చాపిందా, అయిపోయిందే. చీలమండ అక్క చేతిలో ఉండేది. ఎప్పుడు వంగిందో, ఎప్పుడు పట్టిందో చూసేవాళ్లకి తెలిసేది కాదు. 1995లో యూనివర్సిటీ జట్టుకి ఎంపికైంది. శిక్షణ శిబిరానికి రేపోమాపో బయల్దేరుతుందనగా నాన్నకి పక్షవాతం వచ్చింది. ఆయన్ని లేపి కూర్చోబెట్టడం అమ్మ ఒక్కర్తివల్లా అయ్యేపని కాదు. తమ్ముడు చిన్నవాడు. నాకు ఇంటర్ పరీక్షలు. అక్క సర్దుకున్న సంచీ విప్పి బట్టలు మళ్లీ బీరువాలో పెట్టేసింది. ఆట పోయింది, వెనకాలే డిగ్రీ ఆఖరేడూ పోయింది. రెండేళ్లకి పెళ్లయింది.

వెళ్లొద్దని అక్కతో ఎవరూ అనలేదు. వెళ్లమనీ ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. ‘ఆ నాలుగు వారాలూ నాన్నని నేను చూసుకుంటాలే’ అనడానికి ఎంతసేపు పడుతుంది? నాకు పరీక్షలు మరి! ఆ పరీక్షలు పాసై, రాజమండ్రిలో బి.ఏ. చదివి, నవలలు రాసి, నలుగురిచేతా రచయిత్రి ననిపించుకున్నాను. నా నవలల్లో నాయికలంతా గడపలు దాటి పరుగులు తీసేవాళ్లే. ఉన్నచోట నిలబడ్డ మనిషి మీద ఒక్క నవల రాయలేదు. రాస్తే అందులో పరీక్షలున్న చెల్లెలు కూడా రావాలి గదా!

“బాధనిపించలేదా అమ్మా?” అనడిగాడు మావాడు.

“బాధేవిట్రా, ఎవరో ఒకళ్లు ఉండాలి గదా,” అంది అక్క, పొయ్యి మంట తగ్గిస్తూ.

జాబితా సగంలోనే ఆగిపోయింది. మామా అల్లుళ్లు జంతికల పళ్లెం మీద పడ్డారు. ఆ కాగితం మీదే జంతికలు పోసుకుని తిన్నారు కూడా.

రాత్రి పక్కలు వేస్తూ అక్క, ఏదో పాలపాకెట్ల సంగతి కనుక్కుంటున్నట్టు, కొడుకుని అడిగింది: “ఒరేయ్, రెండో స్థానం దాకా వచ్చి ఆగిపోయాడన్నావే, ఆ కుర్రాడు తరవాత ఏమయ్యాడ్రా?”

“టేయోనా? చదువయ్యాక పెద్ద జట్లలో చాలా ఏళ్లు ఆడాడమ్మా.”

“పోన్లే, ఆడాడు,” అంది అక్క. దుప్పటి దులిపి, దీపమార్పేసింది.